చర్మకేశ సంరక్షణ ద్రవ్యాలు - నామనిర్ణయ సమస్య : కర్నూలు, కడప ప్రాంతాల ఓషధుల ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తలకు కుంకుడు, మేనికి నలుగు, నుదుటికి గంధం - తెలుగువారి స్నానవిధిలో ఈ మూడింటికి ఉన్న స్థానం మిక్కిలి ప్రాచీనమైనది. ఇవన్నీ వృక్షసంబంధమైన ద్రవ్యాలే. వీటి గుణాలను ఆయుర్వేద సంహితలు విధించినవి, నిఘంటువులు పేర్కొన్నవి, గృహిణులు అనుభవంతో నిలిపినారు. నేడు అంగళ్లలో లభించే సబ్బులు, తైలాలు, చూర్ణాలు కూడ ఈ ద్రవ్యాల పేర్లనే ధరించి వస్తున్నవి. భృంగరాజ, బాకుచి, రక్తచందన, అరిష్టక మొదలైన సంస్కృతపదాలు డబ్బాలపై అచ్చువేయబడి, వాటి క్రింద శాస్త్రప్రమాణం ఉన్నదన్న మాట కనిపిస్తున్నది.

శాస్త్రప్రమాణం ఉన్నమాట నిజమే. అయితే శాస్త్రం గుణాన్ని చెప్పినది ద్రవ్యానికి. పాఠకునికి అందుతున్నది నామం మాత్రమే. ఒకే నామం అనేక ద్రవ్యాలను చెప్పవచ్చును. ఒకే ద్రవ్యానికి అనేక నామాలు ఉండవచ్చును. ఈ రెండింటి నడుమ పొరపాటు జరిగినచో ఒక మొక్కకు చెప్పిన ఫలం మరొక మొక్కకు అంటగట్టబడుతుంది. కావ్యంలో ఇట్టి పొరపాటు వలన అర్థం చెడుతుంది. ఓషధి విషయంలో శరీరమే చెడవచ్చును. కనుక నామనిర్ణయం వైద్యునికెంత అవసరమో, భాషాశాస్త్ర పరిచయం గల ప్రాచ్యకళాశాల అధ్యాపకునికి అంతకంటె ఎక్కువ బాధ్యత.

2022 నాటి జిల్లాల పునర్విభజనకు పూర్వమున్న ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల ప్రాంతం ఇట్టి పరిశీలనకు అనువైనది. ఒకవైపు నల్లమల, మరొకవైపు పాలకొండ, లంకమల, వెలిగొండలు. నడుమ సున్నపురాతి నేలలు, నల్లరేగడి పొలాలు, కె.సి. కాలువ క్రింది మాగాణి. వర్షం తక్కువ అయినను ఓషధులకు కొదువలేదు. ఈ ప్రాంతంలో వ్యవహారంలో ఉన్న కొన్ని ద్రవ్యాలను తీసికొని, వాటి నామాలను, శాస్త్రోక్త గుణాలను, ఆధునిక రసాయన పరిజ్ఞానాన్ని పోల్చి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

వర్ణ్యం - అర్థవిచారం

చరకసంహిత సూత్రస్థానం నాలుగవ అధ్యాయంలో యాభై మహాకషాయాలు చెప్పబడినవి. ఒక్కొక్కదానిలో పదేసి ద్రవ్యాలు. వీటిలో వర్ణ్యం, కుష్ఠఘ్నం, కండూఘ్నం, ఉదర్దప్రశమనం, దాహప్రశమనం అనునవి చర్మానికి సంబంధించినవి. వర్ణ్యమనగా వర్ణానికి హితమైనది; కుష్ఠఘ్నమనగా చర్మవ్యాధులను పోగొట్టునది; కండూఘ్నమనగా దురదను పోగొట్టునది. చర్మానికి మేలుచేయునవి అని అన్నింటిని ఒకేచోట కుప్పపోయక, చేసే పనిని బట్టి సంహితాకారుడు విభజించిన తీరు గమనింపదగినది.

ఇందులో 'వర్ణ్య' శబ్దానికి నేటి వ్యాపారభాషలో 'తెల్లబరచునది' అన్న అర్థం స్థిరపడుతున్నది. ఇది శాస్త్రసమ్మతం కాదు. చరకుడు ఇంద్రియస్థానం మొదటి అధ్యాయంలో మానవునికి ప్రకృతివర్ణాలు నాలుగని చెప్పి, కృష్ణ, శ్యామ, శ్యామావదాత, అవదాత వర్ణాలను పేర్కొన్నాడు. నలుపు, చామన రెండును ప్రకృతులే. వికృతివర్ణాలుగా చెప్పిన నీల, శ్యావ, తామ్ర, హరిత, శుక్లాలలో శుక్లం కూడ చేరినది. కనుక వర్ణ్యద్రవ్యం చేయవలసిన పని చెడిన వర్ణాన్ని ప్రకృతికి తెచ్చుట, ఉన్న వర్ణానికి ప్రసన్నత కల్పించుట మాత్రమే. నల్లనివానిని తెల్లగా చేయుట శాస్త్రదృష్టిలో ప్రయోజనమే కాదు. రాయలసీమ ఎండలో పొలంపని చేసే శ్యామవర్ణురాలికి తన మేనిఛాయ ఒక దోషమని చెప్పి అమ్మే లేపనం, చరకుని పేరు చెప్పుకొనుటకు అర్హమైనది కాదు.

పసుపు విషయం ఇక్కడ మంచి ఉదాహరణ. అమరకోశంలో హరిద్రకు 'వరవర్ణిని' అన్న పర్యాయం కలదు. మంచి వర్ణం గలదన్న ఈ పేరును బట్టి అది వర్ణ్యాలలో ముందుండునని ఎవరైనా తలంచెదరు. కాని చరకుని వర్ణ్యదశకంలో హరిద్ర లేదు. చందనం, ఉశీరం, మధుకం, మంజిష్ఠ, సారిబ మున్నగునవి అందులో ఉన్నవి. హరిద్ర కుష్ఠఘ్నంలోను, విషఘ్నంలోను చేర్చబడినది. అనగా సంహితాకారుడు పసుపును అలంకారంగా గాక, చర్మరక్షకంగా చూచినాడు. మైదుకూరు రకం పసుపుకు పేరుపొందిన కడప ప్రాంతంలో గాయానికి, గడపకు, పెండ్లికూతురికి ఒకే పసుపు వాడుట ఈ దృష్టికి అనుగుణంగానే ఉన్నది. పసుపులోని కర్క్యుమిన్‌కు వాపును తగ్గించే గుణం, సూక్ష్మజీవులను అదుపుచేసే గుణం ప్రయోగశాలలలో గుర్తించబడినవి. అయితే రంగు కొరకు లెడ్ క్రోమేట్ కలిపిన కల్తీపసుపుకు ఈ ప్రయోజనమేదియు వర్తించదు, సీసం విషం. కొమ్ములు తెచ్చి ఇంట దంచుకొన్నంతమాత్రాన ఈ అపాయం తప్పినదని చెప్పలేము.

చందనం - రక్తచందనం

నామనిర్ణయ సమస్యకు కడపకొండలలోని ఎర్రచందనం కంటె మంచి దృష్టాంతం లేదు. ఈ వృక్షం ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పుకనుమల దక్షిణభాగంలో మాత్రమే. శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండ శ్రేణులు దీనికి పుట్టినిల్లు. వృక్షశాస్త్రంలో దీని పేరు టెరోకార్పస్ సాంటలైనస్. ఆ పేరులోనే చందనాన్ని తలపించే మాట ఉన్నను, శ్రీగంధపు చెట్టుకు దీనికి కుటుంబసంబంధం లేదు. శ్రీగంధం సాంటలమ్ ఆల్బమ్. ఎర్రచందనం చిక్కుడుకుటుంబానికి చెందినది.

సంహితలలో 'చందనం' అని మాత్రమే ఉన్నచోట ఏ చందనాన్ని గ్రహించవలెనన్న ప్రశ్న పూర్వులకే కలిగినది. శార్ఙ్గధరుడు పరిభాషలో ఒక నియమం చేసినాడు. చూర్ణ, స్నేహ, ఆసవ, లేహ్యాలలో ప్రాయికంగా శ్వేతచందనాన్ని, కషాయ లేపాలలో ప్రాయికంగా రక్తచందనాన్ని గ్రహించవలెనని ఆ నియమం తాత్పర్యం. చర్మంపై పూయునది లేపం. కనుక మొగానికి పూసే లేపంలో 'చందన' శబ్దం కనిపించినప్పుడు, ఈ నియమానుసారం మనస్సు పోవలసినది శ్రీగంధం వైపు కాదు, పాలకొండల వైపు. 'ప్రాయః' అన్న మాటతో గ్రంథకర్త అపవాదాలకు అవకాశం విడిచినాడన్నది కూడ మరువరాదు.

నిఘంటువులను చూచిన సమస్య మరింత జటిలమవుతుంది. అమరసింహుడు రక్తచందనానికి పర్యాయాలుగా తిలపర్ణి, పత్రాంగం, రంజనం, కుచందనం అను పదాలను కూర్చినాడు. క్రీ.శ. 16వ శతాబ్దికి చెందిన భావమిశ్రుడు పతంగమును రక్తచందనం నుండి వేరుచేసి చెప్పినాడు. పతంగము నేడు సప్పన్ అని వ్యవహరించబడే బకపుచెక్క. కుచందన శబ్దంతో కొందరు గుర్తించే అడినాంథెరా పావోనినా తెలుగున బండిగురివెంద. ఎర్రని గింజలు గల ఈ చెట్టుకు ఇంగ్లీషులో కూడ ఎర్రచందనపు పేరే వ్యాపించినది. ఈ విధంగా మూడు వేర్వేరు వృక్షాలు ఒక పర్యాయపంక్తిలో చేరినవి. ఇది అమరసింహుని దోషం కాదు. కవికి ఎర్రని చెక్క గల ద్రవ్యాన్ని చెప్పుటకు పర్యాయాలు కావలెను. వైద్యునికి భేదం కావలెను. నామలింగానుశాసనాన్ని ద్రవ్యగుణగ్రంథంగా చదివినవారిదే పొరపాటు.

ద్రవ్యస్వభావం తెలిసినచో ఈ భేదాన్ని ఇంటిలోనే కొంతవరకు పట్టవచ్చును. ఎర్రచందనం చేవకు చెప్పుకోదగిన వాసన లేదు. అందులోని ఎరుపు శాంటలిన్ అను వర్ణద్రవ్యం వలన కలిగినది; అది నీటిలో కరగదు, సారాయంలో కరుగుతుంది. బకపుచెక్కలోని బ్రెజిలిన్ నీటిలోనే దిగి నీటిని ఎర్రబరుస్తుంది. రక్తచందనచూర్ణమని కొన్నది నీటిలో వేసినంతనే చిక్కని ఎరుపు విడిచినచో అది బకపుచెక్కయో, కలిపిన రంగో అని శంకింపవచ్చును. గుమ్మని సువాసన వేసినచో ఆ వాసన మరెక్కడినుండియో వచ్చినదని గ్రహింపవచ్చును. సానపై నీటితో అరగదీసినప్పుడు లభించే లేపం రంగుద్రావణం కాదు, మెత్తని చేవపొడి. వేడికురుపులపై పూసినప్పుడు కలిగే చల్లదనం కొంత తడి ఆరుటచేత, కొంత ద్రవ్యంలోని కషాయగుణంచేత కలుగునని చెప్పుట యుక్తం.

ఈ వృక్షం విషయంలో ప్రయోజనచర్చ అంతటితో ముగియదు. ఎర్రచందనం అతి నెమ్మదిగా పెరుగుతుంది. చేవ కట్టుటకు దశాబ్దాలు పడుతుంది. కలప కొరకు జరిగిన అక్రమరవాణా వలన ఈ జాతికి ముప్పు వాటిల్లగా, 1995లో అంతర్జాతీయ వాణిజ్యనియంత్రణ ఒప్పందమైన సైటిస్ రెండవ అనుబంధంలో దీనిని చేర్చినారు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దీనిని అంతరించిపోతున్న జాతులలో లెక్కించినది. 2015 ఏప్రిల్‌లో శేషాచలం అడవులలో జరిగిన పోలీసు కాల్పులలో ఇరువదిమంది మరణించుట ఈ చెక్క వెనుక ఉన్న విషాదాన్ని దేశానికి తెలియజేసినది. అక్రమరవాణాకు ప్రధానకారణం లేపనాలు కావు. విదేశాలలో గృహోపకరణాలకు, వాద్యాలకు ఉన్న గిరాకి. అయినను చర్మసౌందర్యం కొరకు మూలం తెలియని చూర్ణాన్ని కొనుట ఆ గిరాకికి కొంతైనా తోడ్పడుటయే.

దీనికి శాస్త్రమే మార్గం చూపినది. భావమిశ్రుడు ప్రతినిధిద్రవ్యాలను చెప్పుచు, రక్తచందనం లభింపనిచోట కొత్త ఉశీరాన్ని గ్రహింపవచ్చునన్నాడు. ఉశీరం వట్టివేరు. చరకుని వర్ణ్యదశకంలోను, దాహప్రశమనదశకంలోను కూడ ఇది ఉన్నది. సాగుచేసి పెంచుకొనదగినది, కొండను కొల్లగొట్టకయే లభించునది. ద్రవ్యాభావంలో ప్రతినిధిని గ్రహించుట శాస్త్రానికి లోపం కాదు, శాస్త్రంలో భాగమే.

అరిష్టం - ఫేనిలం

కుంకుడుకు సంస్కృతంలో ప్రసిద్ధమైన పేరు అరిష్టం లేక అరిష్టకం. అమరకోశంలో ఈ అరిష్ట శబ్దం ఓషధీనామంగా మూడుచోట్ల కనిపిస్తుంది. ఒకచోట వేపకు పర్యాయం, మరొకచోట ఫేనిలంతో కలిసి కుంకుడుకు, వేరొకచోట వెల్లుల్లికి. మూడును తలకు సంబంధించిన చికిత్సలలో ఉపయోగపడదగినవే అగుటచేత సందేహం మరింత పెరుగుతుంది. ఇట్టిచోట నిర్ణయానికి తోడ్పడునది సందర్భం. మనుస్మృతి ఐదవ అధ్యాయంలో కంబళశుద్ధికి అరిష్టకాలు విధింపబడినవి. కంబళిని వేపతో గాని వెల్లుల్లితో గాని ఉతుకుట పొసగదు. నురుగునిచ్చే కుంకుడు మాత్రమే అక్కడ పొసగుతుంది. ఫేనిలమన్న పర్యాయం ఈ నిర్ణయాన్ని దృఢపరుస్తుంది. ఫేనం అనగా నురుగు గదా.

ఉత్తరదేశంలో అరిష్టకమని వాడబడేది సపిండస్ ముకొరోసి. ఆంధ్రదేశపు మెట్టప్రాంతాలలో కుంకుడు సపిండస్ ఎమార్జినేటస్. రెండింటిలోను పనిచేసే పదార్థం సపోనిన్. రాయలసీమలో కుంకుడుకు ప్రత్యేకమైన విలువ ఉన్నదనుటకు భూగర్భకారణం కలదు. కడప నాపరాయి, కర్నూలు సున్నపురాయి ప్రసిద్ధాలు. ఈ రాళ్ల నడుమ ఊరే బావినీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉండి నీరు కఠినజలమవుతుంది. మామూలు సబ్బులోని కొవ్వు ఆమ్లాలు ఆ లవణాలతో కలిసి కరగని తెల్లని మడ్డిగా మారి వెండ్రుకలకు పట్టుకొంటవి. నురుగు రాదు, జుట్టు పెళుసెక్కుతుంది. సపోనిన్‌లు ఆ విధంగా మడ్డి కట్టవు. చవుడునీటిలో కూడ కుంకుడురసం నురుగునిస్తుంది. సబ్బుకున్న క్షారగుణం దీనికి లేదు. కనుక ఈ ప్రాంతపు వృద్ధస్త్రీలు సబ్బు కంటె కుంకుడే తలకు మంచిదనుట అభిమానం మాత్రమే కాదు. ఆ నేలకు, ఆ నీటికి తగిన అనుభవం.

కుంకుడుకు దోషం లేకపోలేదు. అది కంటిలో పడినచో తీవ్రమైన మంట కలుగుతుంది. తలంటు నాడు పిల్లల నోట ఉప్పుకల్లు పెట్టే అలవాటు ఈ మంటను మరపించుటకే. చిక్కని రసం పొడిచర్మం గలవారికి మరింత పొడితనం కలిగిస్తుంది. అందుచేతనే ముందు నూనె, పిదప కుంకుడు అన్న క్రమం ఏర్పడినది. వాగ్భటుడు అష్టాంగహృదయంలో దినచర్యాధ్యాయమందు అభ్యంగాన్ని నిత్యవిధిగా చెప్పుచు, శిరస్సుకు, చెవులకు, పాదాలకు విశేషంగా చేయుమన్నాడు. ఉష్ణోదకం శరీరానికి బలకరమైనను శిరస్సుపై పోసినచో కేశాలకు, కన్నులకు బలహాని అని కూడ హెచ్చరించినాడు. అభ్యంగం కూడ అందరికీ కాదు; కఫపీడితుడు, అజీర్ణం గలవాడు, శోధనచికిత్స పొందినవాడు దానికి అనర్హులు. శాస్త్రం ప్రయోజనాన్ని చెప్పిన శ్వాసలోనే హద్దును చెప్పినది.

సీకాయ విషయంలో నామసమస్య మరొక రీతిది. సంస్కృతంలో సప్తల, సాతల, భూరిఫేన, చర్మకష అను పర్యాయాలు గల ద్రవ్యం ఒకటి కలదు. విస్తారమైన నురుగు గలదన్న భూరిఫేన శబ్దాన్ని బట్టి దీనిని సీకాయగా గుర్తించినవారు ఉన్నారు. అయితే చరకుడు కల్పస్థానంలో సప్తలను శంఖినితో కలిపి విరేచనద్రవ్యంగా చెప్పినాడు. ఆ తీక్ష్ణతను బట్టి దానిని పాలుగారే యూఫోర్బియా జాతి మొక్కగా నిర్ణయించినవారును ఉన్నారు. యూఫోర్బియా పాలు చర్మంపై పొక్కులు తెస్తవి, కంటికి ప్రమాదకరం. ఒకే పేరు ఒక నిర్ణయంలో తలంటు ద్రవ్యం, మరొక నిర్ణయంలో తాకరాని ద్రవ్యం. తెలుగులో సీకాయకు ఈ సందిగ్ధత లేదు. ఇట్టిచోట దేశినామమే సంస్కృతనామం కంటె విశ్వసనీయం.

భృంగరాజం - గలిజేరు - నీలి

దేశినామం ఎల్లప్పుడు నిర్దోషమనుకొనుట కూడ తగదు. భృంగరాజానికి మార్కవం, కేశరాజం, కేశరంజనం మొదలైన పర్యాయాలు ఉన్నవి. పేర్లే దాని ఉపయోగాన్ని ప్రకటిస్తున్నవి. తెలుగులో ఇది గుంటగలగర. కొన్నిచోట్ల గుంటగలిజేరు అనికూడ అంటారు. గలిజేరు అన్న పేరు పునర్నవకు చెల్లుచున్నది. పునర్నవ శోథహరం, కేశవిషయంలో దానికి ప్రసిద్ధి లేదు. 'గుంట' అన్న పూర్వపదం లోపించినచో పసరు మారిపోతుంది.

గుర్తులు తేటగా ఉన్నవి. గుంటగలగర తడినేల మొక్క. సుంకేశుల వద్ద తుంగభద్ర నుండి బయలుదేరి కర్నూలు, కడప ప్రాంతాలను తడిపే కె.సి. కాలువ గట్లపై, వరిమళ్ల అంచుల ఇది సమృద్ధిగా కనిపిస్తుంది. పూవు తెల్లన. కాడను నలిపినచో కొద్దిసేపటిలో పసరు నల్లబారుతుంది. పునర్నవ మెట్టనేలపై ప్రాకుతుంది, పూలు చిన్నవి, గులాబిరంగువి, పసరు నల్లబారదు. పసుపుపచ్చని పూలు గల పీతభృంగరాజం మరొక మొక్క. భృంగరాజ తైలం కేశవృద్ధికి తోడ్పడునన్న విషయమై జంతువులపై జరిగిన ప్రయోగాలు అనుకూల ఫలితాలనిచ్చినవి. మానవులపై విస్తృతమైన పరీక్షలు ఇంకను జరుగవలసి ఉన్నవి. తైలమర్దనం వలన వెండ్రుకల పెళుసుతనం తగ్గుట మాత్రం ఎవరికైనను అనుభవసిద్ధం.

కేశరంజనంలో భృంగరాజానికి తోడైనది నీలి. కడప, కర్నూలు ప్రాంతాలు 19వ శతాబ్దంలో నీలిమందుకు పేరుపొందినవి. 1897లో జర్మనీ నుండి కృత్రిమనీలి విపణికి వచ్చిన తరువాత ఈ సాగు క్రమంగా క్షీణించినది. తుదకు నీలి ఆకుచూర్ణం తలకు వేసికొనే రంగుగా మరల గిరాకి పొందినది. గోరింట ఒక్కటే వాడినచో వెండ్రుకలకు కలిగేది ఎరుపు కలిసిన నారింజవన్నె; దానిపై నీలి పట్టించినప్పుడే నలుపు వస్తుంది; అందుకు కొన్ని గంటల సమయం కావలెను. కొద్ది నిమిషాలలో కారునలుపునిచ్చే 'గోరింట' చూర్ణంలో పారాఫినైలిన్ డయామిన్ అను రసాయనం ఉండు అవకాశం ఎక్కువ. అది కొందరికి మాడుపై దద్దుర్లు, మొగం వాపు కలిగిస్తుంది. డబ్బాపై ఆకుబొమ్మ ఉన్నంతమాత్రాన లోపలిది ఆకు కాదు.

బాకుచి - నలుగుపిండి

తెలుగువారి నలుగుపిండిలో పెసలు, సెనగలతో పాటు కచ్చూరాలు, బావంచాలు చేర్చుట పరిపాటి. బావంచాలు సంస్కృతంలో బాకుచి. అవల్గుజం, సోమరాజి, కుష్ఠఘ్ని అనునవి దాని పర్యాయాలు. సోమరాజి శబ్దం వంగదేశ వ్యవహారంలో అడవి జీలకర్రకు చెల్లుచున్నది. కనుక ఒక ప్రాంతపు యోగాన్ని మరొక ప్రాంతంవారు పేరును బట్టి అనుసరించుట ప్రమాదకరం.

బాకుచి శ్విత్రరోగానికి, అనగా బొల్లికి, ప్రసిద్ధమైన ఔషధం. చరకుడు చికిత్సాస్థానం ఏడవ అధ్యాయంలో శ్విత్రచికిత్స చెప్పుచు రోగి శక్తిని బట్టి ఎండలో ఉండవలెనని విధించినాడు. ఔషధానికి ఎండకు గల ఈ సంబంధాన్ని ఆధునికులు తరువాత వివరించినారు. బాకుచి గింజలలోని సొరాలెన్ చర్మంలో చేరి, ఎండలోని అతినీలలోహిత కిరణాలతో కలిసినప్పుడే పనిచేస్తుంది. 1940లలో ఈజిప్టులో అబ్దెల్ మోనెమ్ ఎల్ మోఫ్తీ మరొక మొక్క నుండి తీసిన ఇదేజాతి పదార్థాలతో బొల్లికి చికిత్స చేసినాడు. 1970లలో అది కృత్రిమకిరణాలతో కూడిన చికిత్సాపద్ధతిగా స్థిరపడినది.

అయితే ఇదే గుణం అపాయహేతువు కూడ. సొరాలెన్ సోకిన చర్మం తీవ్రమైన ఎండ తగిలినచో కమిలి, పొక్కి, నల్లని మచ్చలు మిగులును. పూర్వులు బాకుచికి శోధన విధించుట, నలుగుపిండిలో దానిని స్వల్పమాత్రలో చేర్చుట, నలుగు పెట్టిన వెంటనే స్నానం చేయించుట - ఈ మూడును రక్షణోపాయాలుగా గ్రహింపదగినవి. నేడు బాకుచి తైలాన్ని మొగానికి రాసికొని వేసవిలో నలుబది డిగ్రీలు దాటే కర్నూలు ఎండలో వెలుపలికి పోయినచో ఫలితం వేరుగా ఉంటుంది. రోగికి వైద్యుని పర్యవేక్షణలో విధించిన ద్రవ్యాన్ని ఆరోగ్యవంతుని దినచర్యలోనికి, మాత్ర తెలియక తెచ్చుట వలన వచ్చే చిక్కు ఇది. శాస్త్రం స్వస్థవృత్తాన్ని, ఆతురవృత్తాన్ని వేరుచేసినందుకు ప్రయోజనం ఇక్కడ స్పష్టమవుతున్నది.

నిర్ణయపద్ధతి

పై దృష్టాంతాలను బట్టి నామనిర్ణయానికి కొన్ని మెట్లు ఏర్పరచుకొనవచ్చును. మొదటిది పర్యాయాల పరిశీలన: ఫేనిలం, కేశరంజనం వంటి స్వరూపబోధక, గుణబోధక నామాలు రూఢినామాల కంటె ఎక్కువ తోడ్పడతవి. రెండవది సందర్భం: మనుస్మృతిలోని అరిష్టకం వలె, చేసే పనిని బట్టి ద్రవ్యం తేలుతుంది. మూడవది వ్యాఖ్యానం: చక్రపాణిదత్తుడు, డల్హణుడు, అరుణదత్తుడు తమ కాలపు, తమ దేశపు వ్యవహారాన్ని నమోదు చేసినారు, వారి నిర్ణయాన్ని వారి దేశంతో కలిపి చదువవలెను. నాల్గవది దేశినామం: సంస్కృతాంధ్రాలు కలిసి నడచిన బసవరాజీయం వంటి గ్రంథాలు, కడపలో అధికారిగా పనిచేసిన సి.పి. బ్రౌన్ 1852లో ప్రకటించిన నిఘంటువు ఇందుకు ఆధారాలు. ఐదవది ప్రత్యక్షం: మొక్కను చూచి, పూవుతో సహా నమూనా ఆరబెట్టి భద్రపరచి, వృక్షశాస్త్రజ్ఞునిచేత నిర్ణయింపజేసికొనుట.

ఈ ఐదవ మెట్టు వద్ద అధ్యాపకునికి గురువులు కాదగినవారు నల్లమలలోని చెంచులు, పొలంగట్లపై కలుపుతీసే స్త్రీలు, గొర్రెలకాపరులు. ఈ మాట నేటి వినయం కొరకు చెప్పినది కాదు. చరకుడు సూత్రస్థానం మొదటి అధ్యాయంలోనే మేకలకాపరులు, గొర్రెలకాపరులు, గోపాలకులు, వనవాసులు ఓషధులను నామరూపాలతో ఎరుగుదురని చెప్పినాడు. అక్కడితో ఆగక, నామరూపాలు తెలిసినంతమాత్రాన ప్రయోగం తెలిసినట్లు కాదని కూడ అన్నాడు. నామం పండితుని వద్ద, రూపం వనవాసి వద్ద, ప్రయోగం వైద్యుని వద్ద ఉన్నవి. మువ్వురును కలిసినప్పుడే ద్రవ్యజ్ఞానం పూర్ణమవుతుంది.

ఉపసంహారం

చర్మకేశ సంరక్షణలో ఓషధుల ప్రయోజనం నిస్సందేహమైనది. సున్నపునీటిలో నురుగునిచ్చే కుంకుడు, చర్మాన్ని కాపాడే పసుపు, చల్లదనాన్నిచ్చే వట్టివేరు కర్నూలు, కడప ప్రాంతాలవారికి నేల ఇచ్చిన సంపద. కాని ఓషధి కనుక అపాయం లేదన్న మాట శాస్త్రంలో ఎక్కడను లేదు. తెలియని ఔషధం విషంతో, శస్త్రంతో, అగ్నితో, పిడుగుతో సమానమనీ, తెలిసినది అమృతంతో సమానమనీ చరకుడే హెచ్చరించినాడు. ఆ తెలియుటకు మొదటి మెట్టు పేరు సరిగా తెలియుట.

ప్రాచ్యకళాశాలలలో అమరకోశంలోని వనౌషధివర్గం నేటికిని పాఠ్యమే. ఆ వర్గాన్ని కంఠస్థం చేయించుటతో పాటు, ఒక్కొక్క నామానికి స్థానికంగా లభించే మొక్కను చూపి, దాని తెలుగుపేరును, దానితో పొరబడదగిన ఇతరద్రవ్యాలను విద్యార్థులచేత వ్రాయించినచో, కొన్ని సంవత్సరాలలో ఒక్కొక్క ప్రాంతానికి ఒక్కొక్క విశ్వసనీయమైన ద్రవ్యకోశం సిద్ధమవుతుంది. కాలువగట్టున నలిపిన కాడ నల్లబారుట చూచిన విద్యార్థి మార్కవ శబ్దాన్ని మరువడు. గలిజేరును తెచ్చి భృంగరాజమని ఎవరైనా చెప్పినచో నమ్మడు.